ముక్కు లేనోని తీర్పు

ఆదివారం పొద్దు గూకినాక కూడా
మద్దిలేటి మిద్దెమీద నాపబండ కాలుతుంటుంది.
రెండు బకెట్లు కుమ్మరిస్తే బుస్సుమని
ఆవిరి లేస్తుంది.
వాసన కూడా లేస్తుందంట, నాకు తెలియదు.
కరోనా ఏడాది పోయిన ముక్కు
తాడిపత్రికి మళ్లీ తిరిగి రాలేదు.

నడుమ రెండు సీసాలు.
ఒకటి స్కాచ్, పన్నెండేండ్లది, పొగ పట్టింది,
బండల బేరానికొచ్చిన బెంగుళూరు సేటు ఇచ్చిపోయింది.
ఇంకొకటి బర్బన్,
సామిల్లు మౌనేశాచారిది.
పేరుకే మౌనేశుడు,
సీసా మూత తీస్తే నోరు మూయడు.

"స్కాచంటే వయసప్పా.
ముసలోళ్ల మాట మాదిరి
తొందరగా దిగదు, దిగినాక పోదు"
అంటాడు మద్దిలేటి.
"నీ ముసలాయప్ప పన్నెండేండ్లు పండుకున్న పీపా
యాడిదో తెలుసునా?
మా బర్బన్ వాడి వదిలేసింది!
లోపల కాల్చిన కొత్త కర్ర మాది,
ఒక్క కాన్పుకే వాడతాం.
మీరు మా విడిచిన పంచె కట్టుకొని
పెండ్లికి పోతాండారు"
అంటాడు ఆచారి.

ఇద్దరూ నా తట్టు తిరుగుతారు.
నేనే తీర్పరి.
మొదట్లో అట్టమీది ఇంగ్లీషు చదివి వాదించేవాళ్లు,
వెనిలా అని, సముద్రపు ఉప్పని,
ముగ్గురిలో ఎవరమూ తినని పండ్ల పేర్లు.
నా దగ్గర అవి చెల్లవు.
"నాకు తెలిసిందేదన్నా చెప్పండ్రా" అంటాను.

మద్దిలేటి గ్లాసులో ముక్కు పెట్టి కండ్లు మూస్తాడు.
"శెనక్కాయ పొట్టు... కాదు,
వానకు తడిసిన పొట్టుకు ఎవడో అగ్గి పెట్టినాడు,
మండదు, ఆరదు.
దాని వెనక సర్కారు ఆస్పత్రి,
టింక్చరు ముంచిన దూది."
కొంచెం వస్తుంది నాకు.
ముక్కులోకి కాదు,
మోకాలిమీది పాత మచ్చలోకి.

ఆచారి సగం గుటకేసి
"బెల్లం పాకం, అడుగంటే ముందు నిమిషం.
మా నాయన బండిచక్రానికి కట్టు వేసేటప్పుడు
ఎర్రగా కాలిన ఇనుము తగిలి
కమురుకునే తుమ్మకర్ర..."
అక్కడ ఆగిపోతాడు.
మౌనేశుడు పేరుకు తగ్గట్టు ఉండేది
నేను చూసింది ఆ ఒక్కసారే.

పీపాలో ఉన్నన్నాళ్లు, ఏటా
నూటికి రెండు పాళ్లు గాల్లో కలుస్తుందంట అక్కడ.
దేవతల వాటా అంటారంట.
మద్దిలేటి చెప్తే నవ్వొచ్చింది.
రెండేనా?
మా దేవతలు చెరువుకు చెరువే తాగి
మూతి తుడుచుకొని పోతారు కదప్పా.

ముప్పై ఏండ్లు బోరు లారీమీద పనిచేసినోణ్ణి.
ఎనిమిది వందల అడుగులు, తొమ్మిది వందలు,
దుమ్ము, దుమ్ము, తెల్లటి దుమ్ము,
రైతు మొగం కూడా అదే రంగు.
ఎప్పుడో ఒకసారి
దుమ్ము నల్లబడి, ముద్దయి,
నీళ్లకంటే ముందు ఒక వాసన వచ్చేది.
పన్నెండేండ్లు యాడ సరిపోతాయి,
ఎన్నాళ్లు ఆ చీకట్లో నానిందో అది.

"దానికి దగ్గరగా ఉండేది యాదిరా, ఈ రెండిట్లో?"
అని అడిగినాను.
ఇద్దరూ మళ్లీ పోసుకున్నారు.
ఒకరి గ్లాసు ఒకరు మార్చుకున్నారు.
చాలాసేపటికి ఆచారి
రెండూ కాదన్నాడు.
మద్దిలేటి, ఏమనుకున్నాడో, నా గ్లాసులో
నాలుగు చుక్కల నీళ్లేసి
"ఇప్పుడు చూడు" అన్నాడు.

చూసినాను.
ఏమీ రాలేదు.
బొరుగుల్లో ఊరిబిండి కారం మాత్రం
నాలుకను గిల్లింది.

తీర్పు వచ్చే ఆదివారానికి వాయిదా వేసి
మెట్లు దిగుతా దిగుతా
మూతలు గట్టిగా బిగించమన్నాను.
ఇది అనంతపురం జిల్లా,
దేవతలకు దాహమెక్కువ.